మన పందికొక్కు, వాళ్ళ బ్యాండికూట్

మస్లిన్ అనే ఇంగ్లీషు మాట మచిలీపట్నం పేరులోంచే పుట్టిందని బందరు వైపు చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకానికి ఆసరా లేకపోలేదు. టాలెమీ ఈ తీరాన్ని మైసోలియా అన్నాడు. అంతకు ముందటి గ్రీకు గ్రంథం ‘పెరిప్లస్’ దీన్నే మసాలియా అని, ఇక్కడ నూలు బట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పింది. తరవాతి శతాబ్దాల్లో బందరు రేవు నుంచి ఓడలెక్కిన అద్దకం బట్టల పేరు పర్షియా నుంచి ఇంగ్లండు దాకా మోగింది. ఇంత ఉన్నా మస్లిన్ మాత్రం మనది కాదు. ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన ఆ మాట ఇరాక్‌లోని మోసుల్ ఊరి పేరులోంచి పుట్టిందనే నిఘంటుకారులు తేల్చారు. మార్కో పోలో కూడా ఆ ఊరి బట్టను ఆ ఊరి పేరుతోనే చెప్పాడు. చెవికి ఒకేలా వినబడినంత మాత్రాన రెండు మాటలకు చుట్టరికం కలవదు. అయితే ఇదే తీరంలో పుట్టి, ఖండాలు దాటి, ఇప్పటికీ ఇంగ్లీషులో బతుకుతున్న మాట ఒకటి ఉంది. అది తెలుగుదేనని ఇంగ్లీషు నిఘంటువులే ఒప్పుకుంటాయి. దాన్ని మాత్రం మనం గొప్పగా చెప్పుకోము. అది బ్యాండికూట్. అంటే మన పందికొక్కు.

ఈ మాట ఎక్కడెక్కడికి వెళ్ళిందో, పోయినచోటల్లా ఏ అర్థం తెచ్చుకుందో చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. మన దగ్గర అది తిట్టు. ఆస్ట్రేలియాలో దిక్కులేని దీనుడికి పోలిక. వీడియో గేములో పిల్లల హీరో. కేరళలో మురుగు కాలువ బాగుచేసే యంత్రం. ఒకే మాటకు ఇన్ని ముఖాలు ఎలా వచ్చాయంటే, ఆ పేరు మోసే ప్రాణి ధాన్యానికి ఎంత దగ్గరగా ఉందన్నదే అసలు కొలత అని నా వాదన. గింజకు దగ్గరైనచోట మాటలో కోపం ఉంది. గింజ నుంచి దూరమైన కొద్దీ జాలి, సరదా, చివరకు గౌరవం కూడా వచ్చి చేరాయి. కాబట్టి ఈ మాట అసలు అర్థం కావాలంటే నిఘంటువు ఒక్కటే తిరగేస్తే చాలదు. గుడివాడ చేల గట్లమీదికి, దివిసీమ కట్టల మీదికి వెళ్ళాలి.

ముందు పుట్టుక సంగతి. ఇది తెలుగేనని ఇంత ధీమాగా ఎలా చెప్పగలం? ఇరుగుపొరుగు భాషలే సాక్ష్యం. ఇదే జంతువును తమిళులు పెరుచ్చాళి అంటారు, మలయాళులు పెరుచ్చాళి అనే మాటనే కాస్త మార్చి పలుకుతారు, కన్నడిగులు హెగ్గణ అంటారు, హిందీ, మరాఠీల్లో అది ఘూస్. పంది అనే మాటా కొక్కు అనే మాటా కలిసి ఈ జంతువుకు పేరైనది తెలుగులోనే. దక్షిణాది నేలమీద ఈ ఎలుక అన్నిచోట్లా ఉంది. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా దేవగిరి కోట చెరసాలలో పిల్లుల కంటే పెద్ద ఎలుకలున్నాయని రాశాడు కూడా. జంతువును చూసిన పరాయివాళ్ళు చాలామందే ఉన్నారు, దానికి ఇంగ్లీషువాళ్ళు పట్టుకుపోయిన పేరు మాత్రం తెలుగువాళ్ళు పెట్టింది. 1886లో హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కలిసి వెలువరించిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువు ఈ మాటను తెలుగు పందికొక్కు దగ్గరే ఆపింది. అప్పటి నుంచి దాన్ని కాదన్నవారు లేరు.

‘ప’ కాస్తా ‘బ’ ఎందుకైందని అడగవచ్చు. మన ‘ప’ ఊపిరి తగలకుండా పలికేది. ఇంగ్లీషువాళ్ళు మాట మొదట్లో ‘ప’ను ఒత్తి, గాలి వదిలి పలుకుతారు. ఊపిరి లేని మన ‘ప’ వాళ్ళ చెవికి ‘బ’కు దగ్గరగా వినబడుతుంది. చివర ‘కొక్కు’ నోరు తిరగక ‘కూట్’ అయింది. కూట్ అనే నీటిపక్షి పేరు వాళ్ళకు అలవాటైనదే కదా. 1828 నాటి ఒక ఇంగ్లీషు వేట పత్రికలో ఈ మాట ‘బ్రాండీక్యూట్’ అని కనిపిస్తుంది. తెలియని మాటను తెలిసిన మాటతో అతికించుకోవడం లోకమంతా ఉన్న అలవాటే.

మరి ఏ రేవులో ఎక్కింది? బందరులోనే అనాలని నాకూ ఉంటుంది. 1611లో ‘గ్లోబ్’ ఓడలో వచ్చిన ఇంగ్లీషు కంపెనీ మనుషులు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. మద్రాసు ఇంకా పుట్టని రోజులవి. స్థావరం అంటే ముఖ్యంగా గిడ్డంగి, గిడ్డంగి అంటే పందికొక్కు. బట్ట బేళ్ళు, ధాన్యం బస్తాలు కాపాడుకోవలసిన తెల్లవాడు మొదట నేర్చుకునే తెలుగు మాటల్లో అది ఉండి తీరాలి. కానీ ఇది ఊహ, రుజువు కాదు. నిఘంటువులు చూపించే తొలి ఇంగ్లీషు రాతల్లో ముఖ్యమైనది 1789లో వచ్చిన ఇన్నెస్ మన్రో పుస్తకం, అది కోరమాండల్ తీరంలోని యుద్ధాల గురించి. అప్పటికి కంపెనీ ఈ తీరమంతా పరచుకుని ఉంది. 1759లో బందరు కోట, 1766లో ఉత్తర సర్కార్లు దాని చేతికి వచ్చాయి. తెలుగు సిపాయిలు, తెలుగు దుబాసీలు, తెలుగు వంటవాళ్ళు ప్రతి దండులోనూ ఉన్నారు. మాట ఏ ఒక్క రేవునో వెతుక్కోవలసిన పని లేకపోయింది. మస్లిన్ విషయంలో చేసిన తప్పే మళ్ళీ ఇక్కడ చేయకూడదు. ఇలాంటి తప్పులు పండితులకూ తప్పలేదు. ‘హాబ్సన్ జాబ్సన్’ను 1903లో పెంచి ప్రచురించిన విలియం క్రూక్, ఆస్ట్రేలియాలో బంగారం దొరికిన బెండిగో పట్టణం పేరు కూడా బ్యాండికూట్ నుంచే వచ్చిందనే మాటను అందులో చేర్చాడు. అసలు ఆ పేరు అబెడ్నెగో అనే ఇంగ్లీషు ముష్టియోధుడి ముద్దుపేరులోంచి వచ్చింది.

ఇక పంది ఎందుకు? నిఘంటువులు ‘పంది ఎలుక’ అని అర్థం రాసి, పెద్దది కాబట్టి అలా అన్నారని ఊరుకుంటాయి. పెద్దదే. ఇళ్ళ పునాదులు తొలిచే పెద్ద పందికొక్కు ముప్పావు కిలో, కిలో దాకా తూగుతుంది. కానీ పెద్దదనం ఒక్కటే చెప్పాలంటే తెలుగులో వేరే దారులున్నాయి. తమిళులు అదే చేశారు, వాళ్ళ పేరులో ‘పెరు’ అంటే పెద్ద అనే. మనవాళ్ళు పంది అనడంలో చూసి తెలుసుకున్న సంగతులు ఇంకా ఉన్నాయి. దీన్ని మూలకు తరిమితే వీపుమీది బిరుసు వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. ఆ గుర్రు పంది గుర్రే. పంది ముట్టెతో నేలను కుళ్ళగించినట్టే ఇదీ తవ్విన మట్టిని కన్నం ముందు కుప్పగా ఎత్తిపోస్తుంది. ఆకారం, అరుపు, వెంట్రుక, తవ్వకం, ఈ నాలుగూ ఒక్క మాటలో ఇమిడాయి. దూరం నుంచి చూసినవాడికి అందులో పరిమాణం ఒక్కటే కనిపిస్తుంది.

డెల్టా చేలలో అసలు నష్టం చేసేది దీని చిన్న తమ్ముడు. శాస్త్రజ్ఞులు దాన్ని బ్యాండికోటా బెంగాలెన్సిస్ అంటారు. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ జాతికి లాటిన్ వేషంలో పెట్టిన పేరులోనూ మన పందికొక్కే ఉంది. వరి పిలకలు తొడిగే రోజుల్లో ఇది దుబ్బును కత్తితో కోసినట్టు ఏటవాలుగా కొరుకుతుంది. తినేది కొంచెం, పడగొట్టేది ఎక్కువ. చిరుపొట్ట దశలో కొరికితే ఆ దుబ్బు మళ్ళీ కంకి వేసే వేళ దాటిపోతుంది. కంకి ముదిరాక దీని పని మారుతుంది. కోసిన కంకులను గట్టులోని కలుగులోకి ఈడ్చుకుపోయి దాస్తుంది. ఆకలికి తినే జంతువు మీద రైతుకు అంత కోపం రాదు. పిచ్చుకకు చూరుకింద కంకులు వేలాడగట్టిన చేయి అది. కానీ రేపటికని దాచుకునే జంతువు రైతు చేసే పనే చేస్తోంది, రైతు పంటతో చేస్తోంది. పైగా గట్టు తొలుస్తుంది. గట్టుకు బుంగ పడితే చేలో నీరు రాత్రికి రాత్రే మురుగు కాలువ పాలవుతుంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటి నుంచి ఈ సీమ బతుకంతా గట్లమీదే నిలబడి ఉంది. దివిసీమలో అయితే చేను గట్టే కాదు, వరద నీటినీ ఉప్పునీటినీ ఆపే కరకట్టకూ బుంగల భయం ఉంటుంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన నేలమీద కట్టకు పడే కన్నం చిన్న సంగతి కాదు.

దీన్ని పట్టడం ఒక విద్య. వ్యవసాయ శాఖ సామూహిక ఎలుకల నిర్మూలన పెట్టినప్పుడు మొదటి రోజు గట్లమీది కన్నాలన్నీ మట్టితో మూయిస్తారు. మర్నాడు ఏవి తెరుచుకుని ఉన్నాయో వాటిలోనే జీవముందని లెక్క. తొంభై ఆరు పాళ్ళు నూకలు, రెండు పాళ్ళు నూనె, రెండు పాళ్ళు బ్రోమోడయోలిన్ మందు కలిపి పొట్లాలు కట్టి ఆ కన్నాల్లోనే వేస్తారు. ఇది కాగితం మీది పద్ధతి, మంచి పద్ధతే. దానికి చాలా ముందు నుంచీ ఈ చేలను కాపాడింది బుట్టలు పెట్టేవాళ్ళు. వెదురుబద్ద వంచి తాడు బిగించిన ఎలుకల బుట్టలను సాయంత్రం గట్టువెంట పెట్టి, తెల్లారి పడిన ఎలుకల లెక్కన కూలి తీసుకుంటారు. యానాదుల పనితనం గురించి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన కులాల, తెగల గ్రంథంలో ఒక పద్ధతి వివరంగా ఉంది. కుండలో గడ్డి కూరి నిప్పు వేస్తారు. కుండ మూతిని కలుగుకు ఆనించి, కుండకు చేసిన చిన్న రంధ్రం గుండా గాలి ఊదుతారు. పొగ కలుగంతా నిండాక ఊపిరాడని జంతువు మిగిలిన ఒక్క దారి గుండా బయటికి దూకుతుంది, అక్కడ చేయి సిద్ధంగా ఉంటుంది. దీని పేరు ఊదర పెట్టడం. ఎన్నికల్లో ఫలానా పార్టీ ప్రచారంతో ఊదరగొట్టిందని ఇవాళ పత్రికలు రాస్తున్నప్పుడు, ఒకణ్ణి కొలువులోంచి సాగనంపడానికి పొగబెట్టారని అంటున్నప్పుడు మనం వాడుతున్నది ఈ కలుగు దగ్గరి భాషే. ఎలుకలు పట్టేవాడి నోటి మాట రాజకీయ విశ్లేషకుడి కలంలోకి చేరింది. అప్పు ఎవరిదో ఎవరికీ గుర్తులేదు.

ఇంత చూశాక తెలుగులో పందికొక్కు తిట్టు ఎందుకైందో వేరే చెప్పనక్కర్లేదు. గాదె కింద పందికొక్కు అన్న నానుడిలో కథంతా ఉంది. ధాన్యం పురిలోనో గాదెలోనో భద్రంగా ఉందని ఇంటివాడు నిద్రపోతాడు, అడుగునుంచి అది ఖాళీ అవుతూ ఉంటుంది. పైకి గాదె నిండుగానే కనిపిస్తుంది. ప్రజల సొమ్మును పందికొక్కుల్లా మెక్కారు అని శాసనసభలో ఒకరినొకరు అనుకునేటప్పుడు చెప్పదలచుకున్నది దొంగతనం ఒక్కటే కాదు. కాపలా ఉన్న చోటే, లోపలివాడే, కనబడకుండా చేసిన దొంగతనం. పులి, నక్క, గద్ద దొంగల్లో ఎవరికీ ఈ అర్థం సరిపోదు. హిందీలో ఘూస్ అంటే ఈ ఎలుకే, లంచం కూడా. ఆ రెండు మాటల మధ్య చుట్టరికం ఉందో లేదో కానీ, వినేవాడికి ఆ రెండూ పక్కపక్కనే తోచడంలో వింత లేదు.

ఇప్పుడు సముద్రం దాటుదాం. 1788లో సిడ్నీలో ఇంగ్లీషువాళ్ళ వలస వెలిసింది. కొద్ది ఏళ్ళలోనే కలకత్తా నుంచి సరుకు ఓడలు అక్కడికి వెళ్ళసాగాయి. ఇండియాలో పనిచేసి వచ్చినవాళ్ళ నోట ఇక్కడి మాటలు ఉన్నాయి. అక్కడి పొదల్లో సూది మూతితో నేల తవ్వుతూ తిరిగే చిన్న జంతువు కనబడేసరికి దానికి బ్యాండికూట్ అని పేరు పెట్టేశారు. నిజానికి దానికీ ఎలుకకూ ఏ సంబంధమూ లేదు. అది కంగారూలా పొట్టసంచిలో పిల్లను పెంచే జాతి. పురుగులు, దుంపలు, పుట్టగొడుగులు తింటుంది. దాని చరిత్రలో అన్నిటికంటే చిత్రమైనది ముందుకాళ్ళ గిట్టలు పందివాటిలా ఉన్న ఒక రకం. దానికి పెట్టిన ఇంగ్లీషు పేరును తెలుగులో చెప్పుకుంటే పందికాళ్ళ పందికొక్కు అవుతుంది. మాటలో పంది అప్పటికే ఉందని పేరు పెట్టినవాళ్ళకు తెలియదు. పాపం, ఆ జాతి అంతరించిపోయింది. మ్యూజియంకు చేరిన చివరి నమూనా 1901 నాటిది.

ఆస్ట్రేలియా వాడుకలో ఈ మాట పూర్తిగా తిరగబడింది. బ్యాండికూట్‌లా దిగులుగా ఉన్నాడు, బ్యాండికూట్‌లా చేతిలో చిల్లిగవ్వ లేనివాడు అని అక్కడి నానుళ్ళు. మన దగ్గర ఒళ్ళు బలిసినవాణ్ణి అనే మాట అక్కడ ఎండిపోయినవాడికి పోలిక. కారణం వెతికితే కనిపించేది ఒక్కటే, అక్కడి జంతువు ఎవరి గాదె జోలికీ పోలేదు. ఒంటరిగా రాత్రిపూట తిరుగుతూ పురుగు ఏరుకుతినే ప్రాణి మీద జాలే కలుగుతుంది. పడమటి ఆస్ట్రేలియాలో క్వెండా అనే రకంపై జరిగిన పరిశోధన, ఒక్క జంతువు ఏడాదికి దాదాపు నాలుగు టన్నుల మట్టి తిరగేస్తుందని, అడవి నేలకు అది మేలే చేస్తుందని లెక్క తేల్చింది. తవ్వడం ఇక్కడా అక్కడా ఒకటే, గట్టులో తవ్వితే నేరం, అడవిలో తవ్వితే సేవ. నా వాదనకు గట్టి ఊతం అదే దేశంలో దొరికిన మరో వాడుక. అక్కడ బ్యాండికూట్ క్రియాపదం కూడా. బంగాళాదుంప చేలో మొక్క పైభాగం కదలకుండా అడుగునుంచి దుంపలు తవ్వుకుపోవడాన్ని అలా అంటారు. పైకి మొక్క పచ్చగా ఉంటుంది, కింద దుంప ఉండదు. గాదె కింద పందికొక్కుకు ఇంతకంటే దగ్గరి అనువాదం ఏ పండితుడూ చేయలేడు. తెలుగు నానుడి ఆ దేశానికి వెళ్ళి ఉంటుందని నేను అనను. పంట దగ్గరికి రాగానే మాట తన పాత కోపాన్ని మళ్ళీ తెచ్చుకుందని మాత్రం అంటాను.

గింజతో ఏ సంబంధమూ లేనిచోట ఏమైందో కూడా చూడవచ్చు. 1996లో అమెరికాలోని నాటీ డాగ్ సంస్థ తయారుచేసిన క్రాష్ బ్యాండికూట్ వీడియో గేము ప్రపంచమంతా పిల్లల చేతుల్లోకి వెళ్ళింది. తెలుగు పిల్లలూ ఆ పేరు పలికారు. కేరళలో జెన్‌రోబోటిక్స్ అనే సంస్థ 2018లో మనిషి మ్యాన్‌హోల్‌లోకి దిగే అవసరం లేకుండా మురుగు తీసే యంత్రాన్ని తెచ్చి బ్యాండికూట్ అని పేరు పెట్టింది. మనుషుల ప్రాణాలు తీసిన చీకటి గుంతల్లోకి వాళ్ళ బదులు దిగే యంత్రానికి ఈ పేరు రావడం ఆ మాటకు దక్కిన పెద్ద గౌరవం.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, బలమైనదే. పంట తిన్నందుకే కోపమైతే, ఎలుకను వినాయకుడి వాహనంగా పూజించడం ఏమిటని అడగవచ్చు. వినాయక చవితి నాటికి డెల్టాలో సార్వా వరి పిలకల మీద ఉంటుంది, అంటే ఎలుక పళ్ళు పదునెక్కే రోజులే. జవాబు తెలుగు వాడుకలోనే ఉంది. పత్రి ముందు కూర్చుని మనం మూషికం అంటాం, ఎలుక అంటాం. పందికొక్కు అనము. వాహనమైనది దేవుడి అదుపులో ఉన్న ఎలుక, అదుపు లేనిది పందికొక్కు. జంతువులు దగ్గర చుట్టాలే కావచ్చు, భాష మాత్రం పూజకు ఒక మాటను, చేనుకు ఒక మాటను విడివిడిగా ఉంచుకుంది. ఆస్ట్రేలియా పేరు కేవలం పొరపాటు కదా, దానికి ఇంత అర్థం తీయడమెందుకని మరో ప్రశ్న. పేరు పెట్టడం పొరపాటే. కానీ ఆ తరవాత రెండు శతాబ్దాలపాటు జనం ఆ మాటకు కట్టుకుంటూ వచ్చిన నానుళ్ళు పొరపాటు కావు. అవి వాళ్ళ నేలమీద వాళ్ళు చూసిన సంగతులు.

బాధ కలిగించే విషయం, ఇంత దూరం వెళ్ళిన మాటకు పుట్టిన చోటే సరైన లెక్క లేకపోవడం. 1820ల తొలినాళ్ళలో బందరులో కొలువు చేసిన సి.పి. బ్రౌన్, 1852లో తెచ్చిన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ మనకు దిక్కు. పొలం మాటలను పొలంలోనే సేకరించే పని 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున భద్రిరాజు కృష్ణమూర్తి వెలువరించిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశంతో గొప్పగా మొదలైంది. ఆ తరవాత అరవై ఏళ్ళలో కోత యంత్రం వచ్చింది, కుప్ప నూర్పిళ్ళు పోయాయి, పురులు కట్టేవాళ్ళు కరువయ్యారు, వరి చేలు రొయ్యల చెరువులయ్యాయి. బుట్టలు పెట్టేవాళ్ళ తరవాతి తరం వేరే పనులకు వెళుతోంది. వెళ్ళడమే మంచిది. కాకపోతే గట్టుమీది మట్టి చూసి లోపల ఎన్ని కలుగులున్నాయో చెప్పగల పెద్దలు కొందరు ఇంకా ఉన్నారు, కలుగులోని ఒక్కో మలుపుకు వాళ్ళ దగ్గర ఉన్న మాట ఏదో అడిగి రాసుకునేవాళ్ళు కావాలి. మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది, వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, గుడివాడలో అక్కినేని నాగేశ్వరరావు కళాశాల ఉంది. తెలుగు శాఖల విద్యార్థులను ఒక్క దాళ్వా పంటకాలం నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ చేలకు పంపండి. బుట్టలు పెట్టేవాళ్ళకు ఆ రోజు కూలి ఇచ్చి కూర్చోబెట్టి, వాళ్ళ మాటలు వాళ్ళ పేర్లతోనే అచ్చు వేయండి.